బొమ్మల కొలువుకు ఒక చిట్టా: వరద తరువాత ఐదు నెలల పని

15 సెప్టెంబరు 2024, ఆదివారం

ఈ నెల ఒకటో తేదీన బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, మా కింది వాటాలో గోడ వారగా నేల మీదే ఉంచిన రెండు ట్రంకు పెట్టెలు మూతల దాకా నీళ్లలో ఉండిపోయాయి. ఆ రెండింటిలోనూ ఉన్నవి సంక్రాంతి కొలువు బొమ్మలే. అటక మీది ఏడు పెట్టెలకు చెమ్మ తప్ప వేరే హాని జరగలేదు. నీళ్లు దిగాక తెరిచి చూస్తే కొన్ని బొమ్మలు రూపంతోనే ఉన్నాయి, కొన్ని చేతులూ కాళ్లూ విడిపోయి చెక్కముక్కలయ్యాయి, పచ్చిమట్టి బొమ్మలు ఉన్న చోట అడుగున రంగుల బురద మాత్రమే మిగిలింది. ఆ బురద ఒకప్పుడు ఏ బొమ్మలో అమ్మ, పిన్ని, నేను ముగ్గురమూ కూర్చుని ఆలోచించినా పూర్తిగా చెప్పలేకపోయాం. అమ్మమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి అరవై ఏళ్లకు పైగా పోగైన కొలువు ఇది. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేరాలన్న ఆనవాయితీ మా ఇంట్లో ఏ ఏడూ తప్పలేదు గాని, చేరినవాటికి ఎక్కడా చిట్టా లేదు. సంక్రాంతికి నాలుగు నెలల వ్యవధి ఉంది. ఈలోగా ఉన్న ప్రతి బొమ్మకూ, పోయిన ప్రతి బొమ్మకూ ఒక నమోదు ఉండేలా చూడాలని ఈ పని మొదలుపెట్టాను.

మొదటి రోజే ఒక తప్పు చేశాను. తడిసిన కొండపల్లి బొమ్మలను త్వరగా ఆరాలని డాబా మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి వాటిలో ఆరింటికి రంగు పెచ్చులుగా లేచింది. ఆ బొమ్మలను చెక్కే తెల్ల పొణికి కర్ర చాలా తేలికైనది, నీటిని బాగా పీల్చుకుంటుంది. పైపొర ఎండకు గబగబా ఆరి బిగుసుకుంటుంటే లోపలి కర్ర ఇంకా ఉబ్బే ఉండడం వల్ల, వాటి మధ్య ఉన్న సుద్దపూత పట్టు విడిచిందని నాకు ఆ తరువాత అర్థమైంది. మిగిలినవాటిని వెంటనే నీడలోకి మార్చి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా, పాత నూలు చీరల మీద పరిచాను. రోజుకు రెండుసార్లు పక్కలు మార్చి పెడుతున్నాను. రాలిన పెచ్చులను ఏ బొమ్మవి ఆ బొమ్మ పక్కనే చిన్న కాగితపు పొట్లంలో ఉంచాను.

22 సెప్టెంబరు

లెక్క పెట్టడంతోనే మొదలుపెడదామనుకున్నాం. అటక మీది ఏడు పెట్టెలను ముగ్గురం విడివిడిగా లెక్కించాం. అమ్మకు 318, పిన్నికి 377, నాకు 496 వచ్చాయి. ముగ్గురిలో ఎవరూ పొరబడలేదు, దేన్ని ఒక బొమ్మగా తీసుకోవాలన్న దగ్గర మాత్రం ముగ్గురివీ మూడు దారులు. పెళ్లి ఊరేగింపు మొత్తం అమ్మకు ఒకటే బొమ్మ. పిన్ని పల్లకీని ఒకటిగా, బోయీలను ఒకటిగా, సన్నాయి మేళాన్ని ఒకటిగా లెక్కించింది. నేను విడిగా కనిపించిన ప్రతిదాన్నీ లెక్కించాను. తంజావూరు తలాడించే బొమ్మ పీఠం, పావడా, నడుము పైభాగం, తల అని నాలుగు భాగాలుగా ఊడి వస్తుంది కనుక నా లెక్కలో అది నాలుగైంది. అది మాత్రం నాకే సమ్మతంగా అనిపించలేదు.

పెద్ద సేకరణకు చిట్టా రాయదలచినవారు ఎవరైనా ముందుగా తేల్చుకోవలసిన విషయం ఇదేనని నా అభిప్రాయం. రెండు రోజులు వాదించుకుని, తనంతట తాను నిలబడగలిగినదాన్ని ఒక బొమ్మగా లెక్కించాలని ఒక నియమం రాసుకున్నాం. అంబారీ ఏనుగు దగ్గర ఆ నియమం ఆగిపోయింది. అంబారీని ఏనుగు మీద నుంచి తీసి బల్ల మీద పెడితే అది కూడా చక్కగా నిలబడుతుంది. అయినా ఏనుగు లేని అంబారీని ఏ కళాకారుడూ చేయడు గదా అని పిన్ని అన్న మాటతో నియమాన్ని సవరించాం. ఇక నుంచి, చేసినవారు విడిగా నిలబెట్టాలని చేసినది ఒక బొమ్మ; మరొకదాని మీద ఆనడానికి చేసినది ఆ బొమ్మలో భాగం. బోయీలు, సన్నాయి వాయించేవారు ఎవరికి వారు బొమ్మలే గాని, వారందరికీ ఒకే సెట్టు పేరు ఉంటుంది. ఈ నియమం ప్రకారం మళ్లీ లెక్కిస్తే ముగ్గురికీ 501 వచ్చింది. నా మొదటి లెక్క కన్నా ఇది ఎక్కువ కావడానికి కారణం, దూదిలో చుట్టి ఉన్న చిన్న మట్టి పిట్టలను నేను అంతకుముందు చూడకపోవడమే.

6 అక్టోబరు

బొమ్మలకు సంఖ్యలు ఇచ్చే పద్ధతి మీద రెండు ఆదివారాలు గడిచాయి. సంఖ్యను చూడగానే అన్నీ తెలియాలన్న కోరికతో మొదట ఊరు, కథ, పెట్టె మూడూ కలిసే గుర్తును తయారు చేశాను. నాలుగో పెట్టెలోని కొండపల్లి దశావతారాల్లో మూడోది అయితే ‘కొం-దశ-పె4-03’ అన్నమాట. నలభై బొమ్మలు రాసేసరికే దాని లోపం బయటపడింది. నాలుగో పెట్టె మూత సరిగా పడక కొన్నింటిని ఆరో పెట్టెలోకి మార్చవలసి వచ్చింది, కొండపల్లివి అనుకున్న రెండు జంతువులు నిర్మల్ బొమ్మలని అమ్మ గుర్తుచేసింది. రెండు ఊళ్లవారూ పొణికి కర్రనే వాడతారు కనుక కర్రను చూసి చెప్పడం నావల్ల కాలేదు. మారే సమాచారాన్ని సంఖ్యలో ఇరికిస్తే అది మారినప్పుడల్లా సంఖ్య అబద్ధం చెబుతుంది. అందుచేత ఆ నలభై గుర్తులనూ చెరిపివేసి, బొ0001 నుంచి వరుస సంఖ్యలు మాత్రమే ఇచ్చాను. ఊరు, కర్ర, కథ, చేరిన ఏడు, ఇచ్చినవారు, పెట్టె, స్థితి అన్నవి పక్క గడుల్లోకి వెళ్లాయి.

భాగాలున్న బొమ్మలకు మొదట 147.1, 147.2 అని రాస్తూ పోయాను. పదో భాగం వచ్చేసరికి స్ప్రెడ్‌షీట్ 147.10ను 147.1గా మార్చివేసి మొదటి భాగంతో కలిపివేసింది. చుక్క తీసి గీత పెడితే చిన్న సంఖ్యలను తేదీలుగా అర్థం చేసుకుంది. ఏమీ రాయకముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని సాదా అక్షరాలుగా ఉంచమని నిర్దేశించి, సంఖ్యకు ముందు ‘బొ’ అక్షరం చేర్చి, భాగాలను రెండేసి అంకెలతో బొ0147-01 అని రాశాక గాని ఆ బెడద తీరలేదు.

సంఖ్యను బొమ్మ మీద ఎలా రాయాలన్నది కూడా కర్రను బట్టి, మట్టిని బట్టి మారింది. కొండపల్లి బొమ్మల పీట అడుగున చాలావరకు రంగు ఉండదు గనుక అక్కడ మెత్తని పెన్సిలుతో రాస్తే సరిపోతుంది, అవసరమైతే చెరపవచ్చు. ఏటికొప్పాక బొమ్మల లక్క నునుపు మీద పెన్సిలు నిలవదు కాబట్టి వాటి మెడకో నడుముకో తెల్ల నూలుదారంతో చిన్న అట్టముక్క కట్టాను. అంటించే టేపును ఎక్కడా వాడలేదు. 1990ల నాటి ఒక పోలీసు బొమ్మ వీపున ఎవరో అంటించిన టేపు పసుపురంగుకు తిరిగి, లాగితే చొక్కా రంగును కూడా వెంట తెచ్చింది. మైదా జిగురుతో కాగితం అతికించడం తేలికే గాని, అది పురుగులను పిలిచి విందు పెట్టినట్లవుతుంది.

20 అక్టోబరు

దసరా సెలవుల్లో పిన్ని కొడుకు కూడా చేయి కలపడంతో 300 దాకా నమోదయ్యాయి. అయితే వెతికితే బొమ్మలు దొరకడం లేదు. ‘పెళ్లి’ అని వెతికితే పదకొండు వచ్చాయి, నిజానికి ఉండవలసినవి పంతొమ్మిది. మిగతా ఎనిమిదింటిని అమ్మ తన చిన్ననాటి అలవాటు ప్రకారం ‘పెళ్ళి’ అని రాయించింది. ఎడ్లబండి, ఎడ్ల బండి, యెడ్లబండి అని మూడు రకాలు ఉన్నాయి. ‘బ్యాండ్‌మేళం’ తమ్ముడి ఫోనులో ఒక విధంగా, నా కంప్యూటరులో మరొక విధంగా నమోదైంది. చూడడానికి రెండూ ఒకటే గాని, పొల్లు తరువాతి అక్షరం కిందికి దిగి వత్తు కాకుండా ఆపే కంటికి కనిపించని గుర్తు ఒకదానిలో ఉంది, మరొకదానిలో లేదు. ఆ కారణంగా యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు.

ఏ రూపం సరైనదన్న చర్చలోకి నేను వెళ్లలేదు. అమ్మ రాసే ‘పెళ్ళి’ తప్పని అనే హక్కు నాకు లేదు. బొమ్మ పేరు గడిలో ఎవరికి నచ్చినట్లు వారు రాయవచ్చు. దాని పక్కన ‘వర్గం’ అన్న గడిని పెట్టి, అందులో మాత్రం ముందే సిద్ధం చేసిన జాబితా నుంచి ఎంచుకోవాలే తప్ప టైపు చేయడానికి వీలు లేకుండా చేశాను. దేవతలు, దశావతారాలు, రామాయణం, కృష్ణలీలలు, పెళ్లి, పల్లె పనులు, జంతువులు, పక్షులు, సంత, వాహనాలు వంటి ఇరవై రెండు వర్గాలు తేలాయి. వెతుకులాట అంతా ఇప్పుడు ఆ గడి మీదనే సాగుతుంది. పాత నమోదులను సరిచేయడానికి మూడు సాయంత్రాలు పట్టింది, మొదటి వారంలోనే చేసి ఉంటే అరగంట పని.

3 నవంబరు

ఉన్నవాటి పని దారిలో పడింది కాబట్టి పోయినవాటి వైపు తిరిగాను. నీళ్లలో మునిగిన రెండు పెట్టెల నుంచి 41 బొమ్మలు దక్కాయి. మిగిలినవి ఏవి, ఎన్ని అన్నది తెలుసుకోవడానికి మాకు రెండు ఆధారాలు ఉన్నాయి. మొదటిది కొలువు ఫొటోలు. చుట్టాల ఇళ్ల నుంచి కూడా సేకరిస్తే 1983 నుంచి 2024 వరకు 58 ఫొటోలు వచ్చాయి. పేరంటాళ్లు వరుసగా కూర్చున్న ఫొటోల్లో వెనక మెట్ల మీద బొమ్మలు కనిపిస్తాయి గాని, ఎవరి కొప్పో, ఎవరి భుజమో రెండు మూడు మెట్లను కప్పేస్తుంది. అందుకని ఒకే ఏటివి నాలుగైదు ఫొటోలు పక్కపక్కన పెట్టి, మెట్టుమెట్టుగా ఎడమ నుంచి కుడికి పేర్లు రాసుకున్నాను. రెండోది అమ్మమ్మ పాల పద్దు పుస్తకం. పాల లెక్కల మధ్యలో, పుష్యమాసం దగ్గర, కొన్ని ఏళ్లకు మాత్రం ఒక్కొక్క వాక్యం దొరికింది: ‘ఈ ఏటికి చిలకల జత, ఏటికొప్పాక’ అని ఒకచోట, ‘తాటిచెట్టు గీత మనిషి, కొండపల్లి’ అని మరొకచోట.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ని అమ్మ అటక పెట్టెల్లో వెతికి, లేడని తెలిశాక చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకు బొ0543 అన్న సంఖ్య ఇచ్చాను. పోయిన బొమ్మకు సంఖ్య ఎందుకని తమ్ముడు అడిగాడు. చిట్టాలో అది లేకపోతే మరో ఇరవై ఏళ్లకు అది మా ఇంట్లో ఎన్నడూ లేనట్లే అవుతుంది. స్థితి గడిలో ‘వరదలో పోయినది’ అని, ఆధారం గడిలో ఫొటో సంఖ్య, అందులో ఎన్నో మెట్టు అన్నది రాస్తున్నాను. ఇద్దరికి గుర్తుండి ఫొటో లేని బొమ్మలకు ‘జ్ఞాపకం’ అని రాస్తున్నాను. ఒక్కరికే గుర్తున్నవాటిని ప్రస్తుతానికి వేరే కాగితం మీద ఉంచాను.

17 నవంబరు

వారమంతా దశావతారాల మీదనే సరిపోయింది. పెట్టెల్లో అవతారాల బొమ్మలు 14 తేలాయి. బలరాముడు ఒకరు, బుద్ధుడు ఒకరు, నరసింహులు ఇద్దరు, వామనులు ముగ్గురు ఉన్నారు, కల్కి ఎక్కడా లేడు. తొమ్మిదో అవతారంగా కొన్ని సెట్లలో బుద్ధుడు ఉంటాడు, కొన్నింటిలో కృష్ణుడితో పాటు బలరాముడు ఉంటాడు కాబట్టి కనీసం రెండు సెట్లు కలిసిపోయాయని మొదటి చూపులోనే తెలిసింది. ముఖాలను బట్టి విడదీయబోతే ముగ్గురం మూడు విధాలుగా విడదీశాం. అప్పుడు బొమ్మలన్నిటినీ తలకిందులుగా పెట్టి పీటలను చూశాను. కొన్నింటి పీట మందం ఆరు మిల్లీమీటర్లు, అంచులు కోసినట్లు ఉన్నాయి. మరికొన్నింటి పీట తొమ్మిది మిల్లీమీటర్లు, అంచులు గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. పలుచని పీటలవి ఎనిమిది, మందపు పీటలవి ఐదు. మిగిలిన ఒక వామనుడికి పీటే లేదు, గొడుగు కర్ర కింద రంధ్రం ఉంది. అతడు మరో సెట్టు నుంచి ఒంటరిగా వచ్చినవాడు. 1994 ఫొటోలో రెండో మెట్టు మీద పలుచని పీటల సెట్టు పదీ వరుసగా కనిపించడంతో, అందులో పోయినవి మత్స్యావతారం, కల్కి అని ఖాయమైంది. ఈ మొత్తం పనిలో నాకు అత్యంత సంతృప్తినిచ్చిన రోజు ఇదే.

8 డిసెంబరు

అమ్మతో కలిసి కొండపల్లి వెళ్లాను. మా ఇంటి నుంచి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు, అయినా బొమ్మలు కొనడానికి తప్ప అడగడానికి ఎన్నడూ వెళ్లలేదు. విడిపోయిన బొమ్మలను చూసి అక్కడి పెద్దాయన ఒకరు, “నీళ్లకు కర్ర పాడవలేదమ్మా, మక్కు కరిగింది, అంతే,” అన్నారు. బొమ్మ చేతులు, తల, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ అతుకులే నీటికి వదిలేశాయి కాబట్టి, ముక్కలు పోకుండా ఉంటే మళ్లీ అతకవచ్చు. ఎలుగుబంటి, మద్దెల వాయించేవాడు, ఎడ్లబండి మొదలైన తొమ్మిది బొమ్మలను ఆయనకు అప్పగించాను. రంగు మళ్లీ వేయవద్దని, ఉన్న రంగు ఎలా ఉంటే అలాగే ఉండనివ్వమని కోరాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. రంగు చెరిగిన బొమ్మ తన చేతి నుంచి బయటికి వెళ్లడం ఆయనకు చిన్నతనంగా తోచింది. ఆ బాధ నాకు అర్థమైంది, చివరకు అమ్మ మాట మీద ఒప్పుకున్నారు.

లోపించిన మత్స్యావతారాన్ని, కల్కిని కొత్తగా చేయించడానికి కొలతలు, పాత ఫొటో ఇచ్చి వచ్చాం. మత్స్యావతారం భోగికి అందుతుంది, కల్కికి గుర్రం ఉంది కనుక వేసవి దాకా పడుతుంది.

22 డిసెంబరు

పెట్టెలు సర్దాను. వార్తాపత్రికల సిరా లేతరంగుల మీదికి దిగుతున్నందున వాటి బదులు ఉతికిన మల్లు గుడ్డ వాడాను. కలరా ఉండలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి కాబట్టి వాటిని తీసివేసి గుడ్డ సంచుల్లో వసకొమ్ము పెట్టాను. పీట కింద గోధుమరంగు పొడి రాలుతున్న మూడు నిర్మల్ బొమ్మలను చెక్క పురుగు అనుమానంతో విడివిడి సంచుల్లో కట్టి దూరంగా ఉంచాను. ఇక మీద ఏ పెట్టె కూడా నేల మీద ఉండదు.

16 జనవరి 2025

భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ కొలువు జరిగింది. ఏడు మెట్ల మీద 188 బొమ్మలు నిలిచాయి. ఏ పెట్టెలో ఏముందో ముందే తెలిసినందున తొమ్మిదింటికి బదులు నాలుగు పెట్టెలు మాత్రమే దించాం. కనుమ నాటి రాత్రి ఆనవాయితీ ప్రకారం హారతి ఇచ్చి ఒక బొమ్మను పడుకోబెట్టి, ఈ ఉదయం సర్దడం మొదలుపెట్టాం. బయటికి తీసినవి 188, లోపలికి వెళ్లినట్లు టిక్కు పడినవి 186. బొ0212 లక్క చిలక, బొ0390 కూరగాయలమ్మే అవ్వ కనిపించలేదు. రెండు గంటలు వెతికి, చివరకు మూడో పెట్టెను పూర్తిగా విప్పితే రెండూ అడుగున ఉన్నాయి. పేరంటానికి వచ్చిన అత్తయ్య సాయం చేస్తూ, నేను టిక్కు పెట్టకముందే వాటిని చుట్టి లోపల పెట్టేశారు. సాయం చేసేవారిని ఆపడం మర్యాద కాదు. కాబట్టి ఇకపై చుట్టడానికి ముందు బొమ్మలను వరుసకు పదిగా చాప మీద నిలబెట్టి ఒక ఫొటో తీస్తాం, చాప మీదికి రానిది ఏదీ పెట్టెలోకి వెళ్లదు.

26 జనవరి

ఈ ఉదయం టీవీలో ఢిల్లీ గణతంత్ర కవాతు చూస్తుంటే ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు వచ్చాయి. అమ్మ లేచి వెళ్లి, మునిగిన పెట్టెలో దక్కిన చిలకల జతను తెచ్చి ముందు పెట్టుకుంది. అమ్మమ్మ పద్దులో రాసిన జత అదే. అంకుడు కర్రను తరిణి (కర్రను గుండ్రంగా తిప్పే యంత్రం) మీద తిప్పుతూ రంగులక్కను అదిమితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ పూత నీటికి కరగలేదు, తెల్లని మసక మాత్రం కమ్మింది. సెప్టెంబరులో కన్నా ఇప్పుడది కొంత తగ్గింది. స్థితి గడిలో తేదీ వేసి ఆ సంగతి రాశాను.

కొత్త మత్స్యావతారానికి ఏ సంఖ్య ఇవ్వాలన్న ప్రశ్న భోగి నుంచీ మిగిలి ఉంది. పోయినదాని సంఖ్య బొ0551నే కొత్తదానికి ఇస్తే సెట్టు పూర్తవుతుందని పిన్ని అభిప్రాయం. నేను అంగీకరించలేదు. 1994 ఫొటోలో ఉన్న బొమ్మ వేరు, డిసెంబరులో మా కళ్ల ముందు కర్ర ఎంచి చేయడం మొదలుపెట్టిన బొమ్మ వేరు. కొత్తది బొ0606, ఈ ఏటి కొత్త బొమ్మ కూడా అదే. రెండు నమోదుల్లోనూ ఒకదాని సంఖ్య మరొకదానిలో రాశాను. ఈ రోజుకు చిట్టాలో 606 సంఖ్యలు ఉన్నాయి, ఇంట్లో ఉన్నవి 543, వరదలో పోయినవి 63. ఏ బొమ్మవో తేలని విడిభాగాలు 17 ఒక బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. వాటిలో ఒక చిన్న చేయి, వేళ్ల మధ్య కల్లుకుండ పట్టుకునే పట్టు ఉన్నది, గీత మనిషిది కావచ్చని అమ్మ అంటోంది. వచ్చే ఆదివారం దాన్ని 1987 ఫొటోతో పోల్చి చూడాలి.